గెలుపు ఓటముల మధ్య క్రీస్తులో మన గుర్తింపును నిలుపుకోవడం ఎలా

ఒక పరీక్ష తప్పినప్పుడో, ఉద్యోగం చేజారినప్పుడో, ఏళ్ల తరబడి మోసిన పని మూతపడినప్పుడో మన నోట రెండు రకాల మాటలు వస్తాయి. "ఈ పనిలో నేను ఓడిపోయాను" అన్నది ఒకటి. "నేను దేనికీ పనికిరాను" అన్నది రెండోది. మొదటిది జరిగిన సంగతి, రెండోది మన మీద మనమే ఇచ్చుకున్న తీర్పు. అయితే మనసు నొచ్చుకున్న వేళ మొదటి మాట ఎప్పుడు రెండోదిగా మారిపోయిందో మనకే తెలియదు. గెలిచినప్పుడూ ఇదే జరుగుతుంది. "ఈ పని బాగా జరిగింది" అన్న సంతోషం కాస్తా "నేను అందరిలాంటివాడిని కాను" అన్న నమ్మకంగా ముదురుతుంది, కాకపోతే అది తియ్యగా ఉంటుంది గనుక ఎవరూ దానిని జబ్బుగా గుర్తించరు. ఈ రెండు సందర్భాల్లోనూ విశ్వాసి ఏం చేయవచ్చో, దేని తరువాత ఏది చేయవచ్చో, నేను వాక్యంలో చదివి, తడబడుతూ నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా వరుస సరిచూసుకోవాలి

యేసు యొర్దాను నదిలో బాప్తిస్మం పొంది నీళ్లలో నుండి ఒడ్డుకు వచ్చినప్పుడు ఆకాశం నుండి వినిపించిన మాట మనందరికీ తెలిసిందే: "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." ఈ మాట ఎప్పుడు వినిపించిందో గమనించండి. మత్తయి చెప్పిన వరుసలో అప్పటికి యేసు ఒక్క ప్రసంగమూ చేయలేదు, ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క శిష్యుణ్ణీ పిలవలేదు. లూకా లెక్క ప్రకారం సుమారు 30 ఏళ్ల వయసు వచ్చేదాకా ఆయన నజరేతులో ఎవరి కంటా పెద్దగా పడకుండా బ్రతికాడు. తండ్రి ఆనందం ముందు వచ్చింది, పని ఆ తరువాత మొదలైంది. ఆ వెంటనే అరణ్యంలో 40 దినాల ఉపవాసం ముగిశాక శోధకుడైన సాతాను వచ్చి "నీవు దేవుని కుమారుడవైతే" అంటూ మొదలుపెట్టాడు. కుమారుడివని ఏదో ఒకటి చేసి చూపించమని అడగడమే ఆ శోధనలోని కిటుకు. యేసు రాళ్లను రొట్టెలుగా మార్చి తాను ఎవరో రుజువు చేసుకోలేదు, ఎందుకంటే ఆ సంగతి నది ఒడ్డునే తేలిపోయింది.

మనం చాలావరకు దీనిని తలకిందులుగా బ్రతుకుతాం. పని చేస్తే ఫలితం వస్తుంది, ఫలితం వస్తే మెప్పు వస్తుంది, ఆ మెప్పును బట్టి నేనెవరో నాకు తెలుస్తుంది అనుకుంటాం. ఈ వరుస మీలో ఎంత లోతుగా పాతుకుందో తెలుసుకోవడానికి ఒక కాగితం తీసుకుని "నేను" అనే మాటతో మొదలయ్యే పది వాక్యాలు ఆలోచించకుండా రాయండి. ఆ తరువాత ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, ఒక ఉత్తరం గాని, ఒక జబ్బు గాని, ఒక మనిషి నోటి మాట గాని దీనిని నా నుండి తీసేయగలదా అని అడగండి. తీసేయగలదు అనిపిస్తే ఆ వాక్యం మీద గీత గీయండి.

నేను ఈ పని చేసిన రోజున "నేను బాగా చదివేవాడిని", "నేను ఇంటికి ఆధారం", "నేను ఎవరిచేతా మాట పడని మనిషిని" అని రాసుకున్న వాక్యాలు త్వరగానే పోయాయి. "నేను సంఘంలో పాటలు నేర్పించేవాడిని" అన్న వాక్యం దగ్గర మాత్రం పెన్సిలు చాలాసేపు ఆగింది. అది దేవుని పని కదా, దానిని ఎవరు తీసేస్తారు అనిపించింది. అయితే గొంతుకు ఒక జబ్బు వస్తే చాలు, ఆ వాక్యమూ పోతుంది. చివరికి పదింటిలో మూడే మిగిలాయి: దేవుడు కలుగజేసినవాడిని, క్రీస్తు తన ప్రాణం పెట్టి కొన్నవాడిని, తండ్రికి బిడ్డను. పరిచర్యను కూడా మన గుర్తింపుగా మార్చుకోగలమని ఆ రోజే నాకు అర్థమైంది. సంఘంలో చురుకుగా ఉండేవారు ఈ ఒక్క చోట మరింత జాగ్రత్తగా చూసుకోవాలని నా మనవి.

క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం, 1563లో వెలువడిన హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరి, బ్రతుకులోనూ చావులోనూ నీకున్న ఏకైక ఆదరణ ఏమిటి అన్న ప్రశ్నతో మొదలవుతుంది. శరీరాత్మలతో నేను నా సొత్తు కాను, నమ్మకమైన నా రక్షకుడు యేసుక్రీస్తు సొత్తును అన్నది దానికి జవాబు. "నేను ఎవరిని" అని ఎంత తవ్వినా తేలని ప్రశ్న "నేను ఎవరివాడిని" అని అడిగేసరికి తేలికపడుతుంది. దీనివల్ల పని విలువ తగ్గిపోదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో రక్షణ క్రియల వలన కలిగినది కాదని చెప్పిన పౌలు, ఆ వెంటనే మనం సత్క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టించబడ్డామని చెప్పాడు.

ఓటమిని విడదీసి చూడాలి

ఓడిపోయామన్న బాధలో చాలా సంగతులు ఒకే ముద్దగా కలిసిపోయి ఉంటాయి. ఆ ముద్దను విడదీయకుండా "అంతా దేవుని చిత్తం" అనేయడం భక్తిలా కనిపించినా నిజానికి అది తప్పించుకోవడమే. "అంతా నా తప్పే" అని కుమిలిపోవడంలోనూ నిజం సగమే ఉంటుంది. రెండు మూడు రోజులు గడిచి మనసు కాస్త కుదుటపడ్డాక కూర్చుని, ఇందులో నా పాపం ఎంత, నా చేతకానితనం ఎంత, నా చేతిలో లేనిది ఎంత అని వేరుచేయండి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

పాపం ఉంటే దానికి పశ్చాత్తాపం కావాలి. అబద్ధం చెప్పడం వల్లనో, సోమరితనం వల్లనో, ఒకరిని మోసగించడం వల్లనో పని చెడితే దానిని ఆ పేరుతోనే దేవుని ముందు ఒప్పుకోవాలి, నష్టపోయినవారికి చేతనైనంత సరిదిద్దాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు దైవచిత్తానుసారమైన దుఃఖానికీ లోకసంబంధమైన దుఃఖానికీ మధ్య గీత గీశాడు. మొదటిది మారుమనస్సుకు, రక్షణకు నడిపిస్తుందని, రెండోది మరణానికి తీసుకుపోతుందని చెప్పాడు. నాకు తెలిసినంతలో ఈ రెంటి మధ్య తేడా ఆ దుఃఖం మనల్ని ఎటువైపు నడిపిస్తుందన్న దాంట్లో ఉంది. ఒకే రాత్రి శిష్యుల్లో పేతురు ప్రభువును ఎరుగనని పడిపోయాడు, యూదా ఆయనను 30 వెండి నాణేలకు పట్టించి పడిపోయాడు. యూదా తన బాధను, ఆ నాణేలను పట్టుకుని తనను పట్టించుకోని ప్రధాన యాజకుల దగ్గరికి వెళ్లాడు. పేతురు మాత్రం కొన్నాళ్లకు, యేసు మరణం నుండి తిరిగి లేచాక, ఒడ్డున నిలబడినది ప్రభువని తెలియగానే పడవ దరి చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకాడు.

ఆ ఒడ్డున జరిగినదాన్ని నెమ్మదిగా చదవాలి. యోహాను సువార్త 18వ అధ్యాయంలో పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనన్నది బొగ్గుల మంట దగ్గర. 21వ అధ్యాయంలో యేసు చేపలు, రొట్టె సిద్ధం చేసి పిలిచింది కూడా బొగ్గుల మంట దగ్గరికే. మూల గ్రీకులో ఆ మంటకు వాడిన మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే కనిపిస్తుంది. అదే పొగ వాసన ముక్కుకు తగిలినప్పుడు పేతురు లోపల ఏం కదిలి ఉంటుందో ఊహించండి. యేసు ముందు అతనికి భోజనం పెట్టాడు. తరువాత అతను ఎన్నిసార్లు ఎరుగనన్నాడో అన్నిసార్లు, అంటే మూడుసార్లు, "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. ఎందుకు అబద్ధమాడావని నిలదీయలేదు, ఇక మీదట అలా చేయనని మాట తీసుకోలేదు. అడిగిన ప్రతిసారీ తన గొఱ్ఱెలను, అంటే తనను నమ్మినవారిని, అప్పగించాడు. మీ ఓటమిలో పాపం ఉన్నప్పుడు ప్రార్థనలో ఈ అధ్యాయం తెరిచి, ఆ మంట పక్కన పేతురు ఉన్నచోట మిమ్మల్ని ఉంచుకుని చదవండి. గాయపడిన జ్ఞాపకాన్ని ప్రభువు దాటవేయడు, మెల్లగా దాని దగ్గరికే తీసుకువెళతాడు.

చేతకానితనం అయితే దానికి కావలసింది నేర్చుకోవడం. ఇందులో నేరభావానికి చోటు లేదు. మార్కు అనే యోహాను పంఫూలియలోని పెర్గే దగ్గర పౌలు బృందాన్ని విడిచి వెళ్లిపోయాడు. ఆ కారణంగా పౌలు అతణ్ణి మళ్లీ వెంట తీసుకుపోనన్నాడు, బర్నబా తీసుకుపోదామన్నాడు, తీవ్రమైన వాదం జరిగి ఆ ఇద్దరూ వేరైపోయారు. అయితే పౌలు తన చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను తనకు పరిచర్యలో ప్రయోజనకరమైనవాడని చెప్పాడు. మధ్యలో గడిచిన ఏళ్లలో మార్కు ఎదిగాడు, అతనికి రెండో అవకాశం ఇచ్చినవాడు ఒకడున్నాడు. మీకు ఏది చేతకాలేదో స్పష్టంగా రాసుకుని, అది వచ్చినవారిని వెతికి, సిగ్గుపడకుండా అడగండి.

ఇక మన చేతిలో లేనిది మిగులుతుంది. యిర్మీయా ప్రవక్త యూదా రాజు యోషీయా ఏలుబడి 13వ సంవత్సరం నుండి యెరూషలేము కూలిపోయేదాకా దాదాపు 40 ఏళ్లు దేవుని మాట చెప్పాడు. తరువాతి రాజు యెహోయాకీము ఆయన గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపటిలో వేశాడు, అధిపతులు ఆయనను బురద గోతిలోకి దించారు, జనం మాట వినలేదు. ఫలితం లెక్కన చూస్తే ఆయన సేవ పూర్తిగా విఫలం. దేవుడు మాత్రం ఆయనను ఫలితం అడగలేదు, చెప్పమన్నది చెప్పమన్నాడు. ఇలాంటి ఓటమికి పశ్చాత్తాపపడటం తగదు, విలపించడం తగును. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అంటూ మొదలయ్యే 13వ కీర్తనను మీ సొంత మాటల్లో తిరగరాసి దేవునికి చదివి వినిపించండి. ఫిర్యాదు చేయడం అవిశ్వాసం అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. కీర్తనల గ్రంథంలో ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ అనుమానం పోతుంది.

శరీరాన్ని మరచిపోవద్దు

కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలపై అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త మరునాటికల్లా ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతానన్నాడు. దేవుడు ఆయనకు ముందుగా బోధ చేయలేదు. పడుకోనిచ్చాడు, దూత చేత లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబు దగ్గర నిమ్మళమైన స్వరంతో మాట్లాడింది ఆ తరువాతే. ఓడిన వారంలో నిద్ర, భోజనం సరిగా ఉండేలా చూసుకోవడం విశ్వాసానికి తక్కువైన పనేమీ కాదు. బ్రతకాలని లేదన్న ఆలోచన మీకు వస్తూ ఉంటే దానిని మనసులో దాచుకోకుండా ఈ రోజే నమ్మకమైన ఒకరికి చెప్పండి, వైద్యుణ్ణి కలవండి. ఏలీయా కూడా "నా ప్రాణము తీసికొనుము" అని తన మనసులోని మాటను పైకి చెప్పినవాడే.

వాక్యాన్ని దాని చోటులోనే చదవాలి

గోడ మీద వేలాడే వాక్యాలు ఓడినవారికి కొన్నిసార్లు బరువవుతాయి, ఆ తప్పు వాక్యానిది కాదు, దానిని చోటు నుండి పెకలించినవారిది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాటను పరీక్ష ముందూ ఇంటర్వ్యూ ముందూ చెప్పుకుంటాం, తీరా తప్పితే ఆ వాక్యం అబద్ధమైందా, నా విశ్వాసం చాలలేదా అని నలిగిపోతాం. పౌలు ఆ మాటను బంధకాల్లో ఉండి రాశాడు. దానికి ముందున్న రెండు వచనాలు చదివితే, దీనస్థితిలో ఉండటం ఎలాగో, సంపన్నస్థితిలో ఉండటం ఎలాగో, కడుపు నిండినప్పుడూ ఆకలిగొన్నప్పుడూ ఎలా నిలబడాలో నేర్చుకున్నానని ఆయన చెబుతున్నాడు. "సమస్తము" అంటే ఓటమిని మోయడం కూడా. యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడు తన ఉద్దేశాలు సమాధానకరమైనవని చెప్పిన మాట కూడా బబులోను చెరలో ఉన్నవారికి వచ్చింది, దానికి ముందు వచనంలోనే 70 సంవత్సరాలు అన్న లెక్క ఉంది. విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగివెళ్లే ఆ రోజు చూడటానికి బ్రతికి ఉండరు. అందుచేత మీరు పట్టుకున్న వాక్యానికి ముందు పది వచనాలు, తరువాత పది వచనాలు చదవడం అలవాటు చేసుకోండి. వాగ్దానం చిన్నదైపోదు, ఇంకా గట్టిపడుతుంది.

ఆదికాండం 39వ అధ్యాయం కూడా ఇలాంటి సమయంలో చదవదగినది. యెహోవా యోసేపుకు తోడై ఉన్నాడన్న మాట అందులో ఐగుప్తులో తన యజమాని పోతీఫరు ఇంట్లో అతను వర్ధిల్లుతున్నప్పుడు వస్తుంది, చేయని నేరానికి చెరసాలలో పడినప్పుడూ అదే మాట వస్తుంది. దేవుని తోడును మన ఎదుగుదలతో కొలవడం సరికాదని దీనికంటే సూటిగా చెప్పే అధ్యాయం నాకు కనబడలేదు.

గెలిచినప్పుడు ఇంకా జాగ్రత్త

ఓటమి మనిషిని ఎలాగూ మోకాళ్ల మీదికి తెస్తుంది. గెలుపు అలా చేయదు, అందుకే గెలిచిన రోజుకు ముందుగానే కొన్ని అలవాట్లు చేసుకోవాలని నేను నమ్ముతాను. యేసు పంపిన డెబ్బదిమంది శిష్యులు సంతోషంతో తిరిగివచ్చి దయ్యాలు కూడా తమకు లోబడుతున్నాయని చెప్పారు. అది నిజమైన విజయమే, ఆయన పేరు మీద దొరికినదే. అయినా యేసు "దయ్యములు మీకు లోబడుచున్నవని సంతోషింపక మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషించుడి" అన్నాడు. మంచి ఫలితం వచ్చిన రోజు రాత్రి దేవునికి కృతజ్ఞత చెప్పేటప్పుడు, ఆ ఫలితం రాకపోయినా చెప్పగలిగే కృతజ్ఞతలను ముందు చెప్పండి, దాని సంగతి ఆఖరున చెప్పండి. ఇది చిన్న అలవాటే గాని మనసు బరువును సరైన చోట పెడుతుంది.

తరువాత, "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అన్న పౌలు ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని, ఈ గెలుపులో ఎవరెవరి చేయి ఉందో పేర్లతో రాయండి. ఫీజు కట్టినవారు, పాఠం మళ్లీ చెప్పినవారు, మీ వంతు పని తాము చేసినవారు, ప్రార్థించినవారు. ఆ జాబితాలో కనీసం ఇద్దరికి ఆ వారంలోనే ఫోను చేసి, వారు చేసిన మేలు ఏమిటో విడమరచి చెప్పండి.

గెలుపు మన గుర్తింపుగా మారిందో లేదో పట్టిచ్చే గుర్తు ఒకటుంది. మరొకరిని మెచ్చుకున్నప్పుడు మనకు ఎలా ఉంటుంది? ఫిలిష్తీయుల మీద గెలిచి తిరిగివస్తున్న రోజున ఇశ్రాయేలు రాజు సౌలు కూడా విజేతే. స్త్రీలు పాడిన పాటలో అతను వేలమందిని హతం చేశాడన్నారు, దావీదు పదివేలమందిని హతం చేశాడన్నారు. యుద్ధం గెలిచిన రాజు ఆ ఒక్క పోలిక తట్టుకోలేక నాటినుండి దావీదు మీద విషపు చూపు నిలిపాడు. అలాంటి చురుకు మీలో తగిలితే దానిని అణచివేయకుండా, ఎవరి విషయంలో తగిలిందో ఆ వ్యక్తి పేరు పెట్టి, వారి మేలు కోసం వరుసగా వారం రోజులు ప్రార్థించండి. మొదటి రెండు రోజులు మాటలు గొంతులో అడ్డుపడతాయి. నాలుగో రోజుకు కొంత సడలుతుందన్నది నా అనుభవం.

యజమాని దాసులకు తలాంతులు, అంటే పెద్ద మొత్తాల సొమ్ము, అప్పగించిన ఉపమానంలో అయిదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మాట పక్కపక్కన పెట్టి చదవండి. "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అన్న మెప్పు ఇద్దరికీ పొల్లుపోకుండా ఒకటే. విలియం కేరీ 1793లో మిషనరీగా భారతదేశానికి వచ్చాక మొదటి విశ్వాసి బాప్తిస్మం పొందేసరికి 1800 డిసెంబరు అయింది. 1812 మార్చిలో బెంగాలులోని సేరంపూరు ముద్రణాలయం కాలిపోయి ఏళ్ల తరబడి చేసిన రాతప్రతులు బూడిదయ్యాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. తరువాత అంత పేరు వచ్చినా, తన సమాధి రాతి మీద మాత్రం తాను దీనుడైన, దిక్కులేని పురుగునని, ప్రభువు దయగల చేతుల్లో వాలుతున్నానని చెప్పే పాత కీర్తన చరణాన్నే రాయించుకున్నాడు. ఫలితం లేని ఏడేళ్లలోనూ, పేరు వచ్చిన తరువాతా ఆయన ఒకే చోట నిలబడ్డాడు.

రోజు చివర పది నిమిషాలు

ఇవన్నీ పెద్ద సందర్భాలు. మామూలు రోజుల్లో సాధన లేకపోతే ఆ సందర్భాల్లో ఇవి గుర్తుకు రావు. 16వ శతాబ్దంలో యేసు సభ స్థాపకుడు, లొయోలాకు చెందిన ఇగ్నేషియస్ నేర్పిన దినాంత పరిశీలన నాకు బాగా ఉపకరించింది. దేవునికి కృతజ్ఞత చెప్పడం, చూడటానికి వెలుగు ఇమ్మని అడగడం, రోజును గంట గంటగా నెమరువేసుకోవడం, తప్పులకు క్షమాపణ వేడుకోవడం, రేపటి దినాన్ని ఆయన చేతిలో పెట్టడం. నెమరువేసుకునేటప్పుడు ఈ రోజు ఎక్కడ నన్ను నేను రుజువు చేసుకోవాలని తాపత్రయపడ్డాను అన్న ప్రశ్న ఒకటి నేను కలుపుకున్నాను. జవాబు తరచుగా చాలా చిన్న చోట దొరుకుతుంది, ఎవరో సగం వింటున్నప్పుడు గొంతు పెంచిన చోటనో, అడగకపోయినా నా పనిని ప్రస్తావించిన చోటనో.

సంఘంగా చేయవలసింది

ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చినప్పుడు ఉద్యోగం వచ్చినవారు, పరీక్ష నెగ్గినవారు, రోగం నయమైనవారు లేచి నిలబడతారు. అది న్యాయమే. ఉద్యోగం రానివారు ఆ సమయంలో ఏమనుకుంటూ కూర్చుంటారో కూడా మనం ఆలోచించాలి. సంఘకాపరులకు, పెద్దలకు నా విన్నపం ఏమిటంటే, ఇంకా జవాబు రాని ప్రార్థనతో దేవుణ్ణి పట్టుకుని ఉన్నవారిని కూడా, వారు ఇష్టపడితే, సాక్ష్యం చెప్పనివ్వండి. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుని "నా కృప నీకు చాలును" అన్న జవాబు పొందిన పౌలుది కూడా సాక్ష్యమే. ఓడినవారిని పలకరించేటప్పుడు వెంటనే వాక్యం చెప్పకండి, "అయితే ఇప్పుడేం చేస్తావు" అని అసలే అడగకండి.

ఒక ఉద్యోగ పరీక్ష రెండోసారి తప్పిన వారంలో నేను ఆరాధనకు ఆలస్యంగా వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. ఎవరైనా ఏమైందని అడుగుతారేమోనని ఆశీర్వాద ప్రార్థనకు ముందే లేచిపోదామనుకున్నాను. ఆ రోజు ప్రభు బల్ల ఉంది. రొట్టె పళ్లెం వరుస వెంట వచ్చి, నా ముందు ఆగి, నేను ఒక ముక్క తీసుకున్నాక పక్కవారి దగ్గరికి వెళ్లింది. నా పక్కన కూర్చున్న పెద్దాయనకు నా సంగతి తెలుసు. ఆయన ఏమీ అడగలేదు. ఆరాధన అయ్యాక పాటల పుస్తకాల కట్ట నా చేతికిచ్చి, "వచ్చే ఆదివారం కాస్త ముందుగా రా నాయనా, ఇవి పంచాలి" అన్నాడు.